పులుసు పక్కన పెట్టే వైన్ కోసం: నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా

సోమవారం, నెల్లూరు

బెంగళూరు బస్సు తెల్లారకముందే నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో దించేసింది. మార్చి నెల కాబట్టి పొద్దున పూట గాలి ఇంకా హాయిగానే ఉంది. చిన్నాన్న కొడుకు కారు తెచ్చాడు. వాడికి విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఈ వారం పంట పట్టే పని లేదు కాబట్టి నాకు డ్రైవరుగా దొరికాడు. కారెక్కగానే వాడు అడిగిన మొదటి మాట, "ఒక్క సీసా కూడా తేలేదా అక్కా?"

తేలేదు. మద్యం రాష్ట్రాల చేతిలో ఉండే వ్యవహారం. కర్ణాటకలో పన్ను కట్టిన సీసా ఆంధ్రలో పన్ను కట్టినట్టు కాదు. లైసెన్సు మీద బతికేదాన్ని, బ్యాగులో రెండు సీసాలు పెట్టుకుని చెక్‌పోస్టు దాటే సరదా నాకు లేదు. ఈ ప్రయాణం తాగడానికి కాదు, తినడానికి.

నా వ్యాపారం సంగతి చెప్పాలి. బెంగళూరులో వైన్ దిగుమతి చేసి రెస్టారెంట్లకు ఇస్తాను. ఫ్రాన్స్ అంటే బోర్డో, ఇటలీ అంటే కియాంతి అని అందరికీ తెలిసిన సరుకు నా దగ్గర ఉండదు. జార్జియాలో కఖేతి, పోర్చుగల్‌లో మిన్యో, ఆల్ప్స్ కొండల పక్కన సవ్వా, ఇటలీలో మోదెనా చుట్టుపక్కల పల్లెలు, ఇలా మన దగ్గర ఎవరూ పేరు వినని చోట్ల చిన్న రైతులు చేసే వైన్ తెస్తాను. అక్కడ అది గొప్ప సంగతేమీ కాదు, ఊళ్లో రోజూ భోజనంతో తాగేదే.

చిక్కంతా ఇక్కడికి వచ్చాక మొదలవుతుంది. దిగుమతి వైన్ మీద సుంకం 150 శాతం. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చాక ఆ దేశపు సీసాలకు కొంత తగ్గింది కానీ నా రైతులు ఆస్ట్రేలియాలో లేరు. ఆపైన రాష్ట్రం ఎక్సైజ్. ఆపైన లేబుల్ రిజిస్ట్రేషన్. ఒక్కో రకానికి రుసుము కట్టాలి, నువ్వు ఏడాదికి అమ్మేది నలభై కేసుల సీసాలే కదా అని ఎవరూ జాలిపడరు. ప్రతి రకం నుంచీ పరీక్షకు నమూనా సీసాలు పోతాయి. వేల కేసులు తెచ్చేవాడికి అది లెక్కలోకి రాదు, నాకు మాత్రం కళ్లముందు కనబడే నష్టం. అన్నీ కలిసి, రైతు దగ్గర ఆరేడు వందలకు దొరికే సీసా బెంగళూరులో బల్ల మీదికి చేరేసరికి మూడు వేలు దాటుతుంది. అంత పెట్టేవాడు తెలిసిన పేరే అడుగుతాడు. అడగడం న్యాయమే.

అందుకని దారి మార్చాను. బెంగళూరులో నెల్లూరు చేపల పులుసు అంటే కన్నడం వాళ్లు, అరవం వాళ్లు కూడా లొట్టలేస్తారు. ఆ పులుసు పక్కన గ్లాసు పెడితే ముందు రుచి చూస్తారు, తర్వాత పేరు అడుగుతారు. ఒక వంటింటివాళ్లతో మాట్లాడుకుని విందులు మొదలుపెడుతున్నాను. మొదటిది మన నెల్లూరు, ఒంగోలు వంటలతో. ఏ వంటలు పెట్టాలో ఇక్కడే తిని తేల్చుకోవాలని వచ్చాను.

మధ్యాహ్నం ట్రంకు రోడ్డు మీద ఒక వైన్ షాపులోకి వెళ్లాను. తమ్ముడు కారులోంచి దిగలేదు. "నువ్వు పోతే అందరూ చూస్తారక్కా" అన్నాడు, చూశారు కూడా. ఐదేళ్లు ప్రభుత్వం నడిపిన దుకాణాలు 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికొచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 3,396 షాపులు, లాటరీ తీసి ఇచ్చారు. నేను వెళ్లిన చోట అరలనిండా బ్రాందీ, విస్కీ, బీరు. ద్రాక్ష వైన్ అడిగితే కుర్రాడు స్టూలెక్కి పై అర వెనక నుంచి ఒక తీపి ఎర్ర వైన్ సీసా దించాడు. దాని మీద దుమ్ముంది, పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. "ఇది ఎవరు కొంటారు?" అని అడిగాను. "రక్తం పడతదని బాలింతలకు తీసకపోతారు మేడం" అన్నాడు. బాలింతలకు మద్యం పట్టించడం ఏ డాక్టరూ ఒప్పుకోడు కానీ, ఆ కౌంటరు దగ్గర వాదన పెట్టుకుని లాభం లేదని వచ్చేశాను.

సాయంత్రం మూలాపేటలో పెద్దమ్మ ఇంట్లో బొమ్మిడాయల పులుసు. అసలు పని ఇప్పుడు మొదలైంది.

బొమ్మిడాయ జారుడు చేప, పొలుసు కంటికి కనబడదు. పెద్దమ్మ పెరట్లో రాయి దగ్గర కూర్చుని బూడిద, రాళ్లుప్పు వేసి ఒక్కోదాన్నీ జిగట పోయేదాకా రుద్దింది. అరగంట పట్టింది. మట్టి దాకలో నూనె కాగాక మెంతులు, ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు. తర్వాత టమాటా మెత్తబడేదాకా ఆగి కారం, పసుపు, ఆపైన చిక్కటి చింతపండు రసం. పులుసు తెర్లుతున్నప్పుడు చేపలు, ఆ వెంటనే టెంకపట్టని పుల్ల మామిడి ముక్కలు. ఇక అక్కడి నుంచి గరిటె పెట్టదు. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. దించేముందు వేయించి కొట్టిన ధనియాలు, జీలకర్ర, మెంతుల పొడి. వాసనకే ఆకలితో చచ్చేట్టుంటే "ఇప్పుడు కాదు, రేపు" అని మూత పెట్టేసింది. రాత్రికి నాకు పప్పు, వడియాలు.

మంగళవారం, విడవలూరు, మైపాడు

పొద్దున్నే దోసెల్లోకి రాత్రి పులుసు. ముక్కకు పులుపు పట్టింది, నూనె పైకి తేలింది, నిన్నటి కారం ఘాటు తగ్గి లోపలికి దిగింది. రెండు దోసెలు అనుకున్నదాన్ని నాలుగు తిన్నాను.

ఇక్కడ నా వృత్తికి పనికొచ్చే సంగతి ఒకటుంది. చింతపండులో పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లం. పండ్లలో అది అంత ఎక్కువగా ఉండటం అరుదు. నిమ్మలోదీ నారింజలోదీ సిట్రిక్, ఆపిల్‌లోది మాలిక్. టార్టారిక్ ప్రధానంగా ఉండే ఇంకో పండు ద్రాక్ష. వైన్‌కు నడుము నిలబెట్టేది ఆ ఆమ్లమే. అంటే పులుసులోనూ గ్లాసులోనూ ఉన్నది ఒకే పులుపు. వైన్‌లో పులుపు పులుసు కంటే తక్కువైతే, పులుసు తిన్న నోటికి ఆ వైన్ చప్పగా తగులుతుంది. హోటళ్లలో ఆంధ్రా భోజనం పక్కన పెట్టే ఖరీదైన మెత్తటి ఎర్ర వైన్‌లు తేలిపోయేది అందుకే.

కారం సంగతి వేరు. మిరపలోని మంట పుట్టించే పదార్థం ఆల్కహాల్‌తో ఇంకా రెచ్చిపోతుంది. పద్నాలుగు శాతం వైన్ తాగితే నోరు భగ్గుమంటుంది. ద్రాక్ష తొక్క నుంచి వచ్చే వగరు కూడా దానికి తోడవుతుంది. ఇక చేపకూ ఎర్ర వైన్‌కూ పడదన్నది ఒట్టి సంప్రదాయం కాదు. వైన్‌లో ఉండే ఇనుము ఎక్కువైతే నోట్లో నీచు వాసన పుడుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. కాబట్టి పులుసుకు కావలసింది తెల్లటిది, పుల్లటిది, ఆల్కహాల్ తక్కువది, వీలైతే కాస్త తీపి, కాస్త బుడగ ఉన్నది. ఇన్ని గుణాలున్నది పెద్ద పేర్లలో చవగ్గా దొరకదు. మిన్యోలో దొరుకుతుంది. అక్కడి విన్యో వెర్దె పదీ పదకొండు శాతం దగ్గరే ఉంటుంది.

పెద్దమ్మకు ఇదంతా చెబితే, "చల్లటి మజ్జిగ తాగితే సరిపోయేదానికి ఇంత చదువెందుకు?" అంది.

తొమ్మిదింటికి విడవలూరు. గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్నాయి. తమ్ముడు చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూశాడు, నాలుగు రొయ్యలను అరచేతిలో వేసుకుని తోకలు ఆడుతున్న తీరు చూశాడు. ఇక్కడ మాటలన్నీ కౌంట్‌లోనే. కిలోకు ముప్పై తూగితే 30 కౌంట్, వంద తూగితే 100 కౌంట్. ధర దాన్నిబట్టే. ఇవి 40 కౌంట్‌కు వచ్చాయట.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ గట్ల మీద ఎంత టెన్షన్ పడ్డారో తమ్ముడు చెప్పాడు. మన రొయ్యకు పెద్ద బేరగాడు అమెరికా. ఆ ఒక్కడు ముఖం తిప్పితే విడవలూరులో మేత అప్పిచ్చేవాడు కూడా ముఖం తిప్పుతాడు.

నేను జార్జియా సంగతి చెప్పాను. ఆ దేశపు వైన్‌లో చాలా భాగం రష్యాకే పోయేది. 2006లో రష్యా ఒక్కసారిగా నిషేధం పెట్టింది, 2013 దాకా ఎత్తలేదు. కఖేతిలో రైతులకు తోటలు నరుక్కోవాలో కొత్త బేరం వెతుక్కోవాలో తెలియని రోజులవి. అప్పుడు కొందరు పాత పద్ధతి వైపు తిరిగారు. ఆవకాయ జాడీ లాంటి మట్టి బానను, మనిషి దిగేటంత పెద్దదాన్ని, మెడదాకా భూమిలో పాతిపెట్టి, లోపల తేనెమైనం పూసి, ద్రాక్షను తొక్కతో సహా అందులో పులియబెట్టడం. దాన్ని క్వెవ్రి అంటారు. 2013లోనే యునెస్కో ఆ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఎనిమిది వేల ఏళ్ల కిందటి కుండ పెంకుల్లో వైన్ ఆనవాళ్లు దొరికాయని 2017లో తేల్చారు. రష్యాకు చవక తీపి వైన్ పంపినన్నాళ్లూ ఇదంతా బయటివాళ్లకు పట్టలేదు. ఇప్పుడు లండన్‌లో, టోక్యోలో ఆ తేనెరంగు వైన్ అడిగి మరీ తాగుతున్నారు.

"అయితే మా రొయ్యలకు కూడా కథ చెప్పాలంటావా అక్కా?" అన్నాడు.

"కథ కాదురా. ఏ ఊరి రొయ్యో, ఎవరు పెంచారో చెప్పాలి. ఇప్పుడు నీ పెట్టె మీద ఏముంటుంది?"

"కౌంటు, కంపెనీ కోడు."

పక్కవాళ్ల గుంటకు ఐసు లారీ వచ్చింది. పట్టిన గంటలో ఐసు పడాలి, ప్లాంటు నుంచి ఫ్రీజరు కంటైనరు, అది ఓడలో ప్లగ్గు తీయకుండా అమెరికా దాకా. రొయ్యకు ఇంత జాగ్రత్త ఉందా అని నాకు ఈర్ష్య పుట్టింది. వైన్ కూడా ముప్పై డిగ్రీలు దాటిన పెట్టెలో వారాల తరబడి ఉంటే ఉడికిపోతుంది. 1972లో కాలిఫోర్నియాలో, బర్క్‌లీ దగ్గర చిన్న కొట్టు పెట్టిన కెర్మిట్ లించ్ అనే వర్తకుడు ఫ్రెంచి పల్లెల వైన్ తెప్పించేటప్పుడు శీతల కంటైనర్లే కావాలని పట్టుబట్టాడు. అప్పట్లో అది దుబారా అనిపించేది. రైతు సెల్లార్‌లో తాగిన రుచే తన కొట్లోనూ ఉండాలన్నది ఆయన లెక్క. పేరున్న సీసా కాస్త ఉడికినా కొనేవాడు లేబుల్ చూసి ఊరుకుంటాడు, పేరులేనిదానికి ఆ దన్ను ఉండదు. నేను పూర్తి కంటైనరు నింపలేను కాబట్టి ఇంకొకరి శీతల కంటైనరులో ఒకటి రెండు ప్యాలెట్ల చోటు కొంటాను. ఒక్క ప్యాలెట్‌లో దాదాపు ఆరు వందల సీసాలు పడతాయి. మే నెలలో మాత్రం చచ్చినా తెప్పించను. చెన్నై రేవులో ఒక్క రోజు ప్లగ్గు లేకుండా నిలబడిందంటే చాలు.

మైపాడు బీచ్‌లో కాసేపు నిలబడ్డాం. ఇసుకలో సరుగుడు తోపులు, గాలి ఆగడం లేదు. లిస్బన్ పక్కన సముద్రపు ఒడ్డున కొలారిష్ అని ఒక చోటు ఉంది, ఇలాంటి ఇసుకలోనే ద్రాక్ష వేస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో వేరుపురుగు యూరప్ తోటల్ని తుడిచిపెట్టినప్పుడు ఇసుకలో అది బతకలేక కొలారిష్ తీగలు మిగిలాయి. ఇప్పుడు లిస్బన్ ఊరు పెరిగి ఆ తోటల్ని మింగుతోంది. నాకు తేవాలనుంది కానీ అక్కడ తయారయ్యేదే కొంచెం.

బుధవారం, కలిగిరి వైపు

కావలి దాకా హైవే, అక్కడి నుంచి పడమటికి, జలదంకి మీదుగా కలిగిరి. పచ్చదనం పలచబడి మెట్ట పొలాలు మొదలయ్యాయి. మేనత్త ఊరు దూబగుంటకు దగ్గర్లోనే. నాలాంటి వ్యాపారం చేసేవాళ్లు తలవంచుకుని పోవాల్సిన దారి ఇది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు పెట్టారు. ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించిన కథ. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో నిజంగానే మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది, అది 1997లో సడలిపోయింది.

మా అత్త ఆ రోజుల్లో కారప్పొడి కొంగున కట్టుకుని నెల్లూరు కలెక్టరాఫీసు దాకా పోయిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి అరుగు మీద నుంచి లేవదు, మాట మాత్రం అలాగే ఉంది.

"ఏం అమ్ముతుండావు మే నువ్వు?"

"ద్రాక్ష వైన్ అత్తా."

"సారానేగా."

"సారా కాదత్తా, కాచేది కాదు. ద్రాక్షరసం దానంతటదే పులుస్తుంది…"

"మాకూ అట్నే చెప్పినారు. గవర్నమెంటోళ్లది మంచి సారా అనీ, వారుణి వాహిని అనీ, ప్యాకెట్లో పోసి మరీ పంపించినారు. మీ మామ ఆ ప్యాకెట్లు తాగే పోయినాడు."

తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. నేను ధర చెప్పాను. సీసా మూడు వేలనీ, అది కూలి చేసుకునేవాళ్ల ఇళ్లల్లోకి రాదనీ, భోజనంతో ఒక గ్లాసు తాగేవాళ్లేననీ.

"డబ్బున్నోడు పెళ్లాన్ని కొట్టడా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. వైన్ వ్యాపారంలో పదేపదే వినే మాటలు, సంస్కృతి, అభిరుచి, మితం, ఇవన్నీ ఆ అరుగు మీద పైకి తీసే ధైర్యం చేయలేదు. బెంగళూరులో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే నవ్వేసి గ్లాసు మార్చేదాన్ని.

కాసేపటికి అత్తే మాట మార్చింది. "పులిసేది అంటివే, ఎన్నాళ్లకు పులుస్తాది?" అని మొదలుపెట్టి, మట్టి బానలో ఎందుకు పెడతారు, మైనం ఎందుకు పూస్తారు, బాన పగిలితే ఎట్టా, కడిగేది ఎవరు, మగోళ్లా ఆడోళ్లా, అని ఒక్కొక్కటే తవ్వి తవ్వి అడిగింది. చేసేవాళ్ల గురించి నన్ను ఇంత వివరంగా అడిగిన కొనుగోలుదారు ఇప్పటిదాకా లేడు. రైతుకు ఎంత ముడుతుందో కూడా అడిగింది. చెప్పాను. "మరి మూడు వేలు ఎవురు తింటుండారు?" అంది. అందులో సగానికి పైన సర్కారుకే పోతుందంటే చాలాసేపు నవ్వింది. "అప్పుడూ అంతేగదమ్మే. సారా డబ్బుల్తోనేగా గవర్నమెంటు నడిచింది."

మధ్యాహ్నం చింతచిగురు మాంసం. మార్చి చివర్లో దొరికే లేత చిగురు, ఎర్రగా, వేళ్ల మధ్య నలిపితే పొడైపోయేంత పలచన. అత్త దాన్ని రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతూ, పుల్లలు ఏరి పారేస్తూ, కోడలికి పొయ్యి దగ్గర ఏం చేయాలో చెబుతూనే ఉంది. పొట్టేలు మాంసం ముందే ఉడికి ఉంది. నలిపిన చిగురు వేసి మూతపెట్టి నూనె పైకి వచ్చేదాకా సన్న మంట. రాగి సంకటితో తిన్నాం. చింతపండు పులుపు మొరటుగా తగులుతుంది. చిగురు పులుపు అలా కాదు, దానికి ఒక ఆకు వాసన, కొసన కాస్త వగరు ఉంటాయి. కొవ్వు పట్టిన మాంసాన్ని నాలుక మీద నుంచి కోసుకుంటూ పోతుంది.

తింటుండగానే తేలిపోయింది. దీని పక్కన కఖేతి క్వెవ్రి వైన్ పెట్టాలి, ర్కత్సితెలి అనే ద్రాక్షతో చేసింది. తొక్కతో పులిసింది కాబట్టి దానికీ వగరు ఉంది. మాంసం కొవ్వు ఆ వగరును పట్టుకుంటుంది, చేప అయితే పట్టుకోలేదు. జార్జియావాళ్లు మాంసంలోకి పుల్లటి ప్లమ్ పండుతో త్కెమలి అనే పచ్చడి నంజుకుంటారు. అంటే ఆ వైన్ పుట్టిందే పులుపు తినే ఇళ్ల మధ్య. దాన్ని తీసుకొచ్చి వెన్న, చీజ్ పక్కన పెట్టి అమ్మాలని చూడటం దండగ.

"అత్తా, ఈ కూర మా విందులో పెట్టుకుంటా. పక్కన నీ పేరు రాస్తా."

"కూర పెట్టుకో. నా పేరు పెట్టమాక." కాసేపాగి ఇంకోటి చెప్పింది. "మనిసికి రెండు గలాసులు దాటి పొయ్యమని రాయి. తెలుగులో రాయి, కనబడేటట్టు."

గురువారం, టంగుటూరు, ఒంగోలు

టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి తమ్ముడి స్నేహితుడు తీసుకెళ్లాడు. ఆయనకు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు రెండున్నాయి. షెడ్డులో గోనెపట్టా చుట్టిన బేళ్లు వరసలుగా ఉన్నాయి, ఘాటుకు ముక్కు మూసుకుపోయింది. కొనుగోలుదారులు వరస వెంట నడుస్తూ ఒక చేత్తో ఆకు లాగి చూస్తారు, ఇంకో చేతిలోని మిషన్‌లో ధర నొక్కుతారు. ఒక బేలు దగ్గర అర నిమిషం కూడా ఆగరు. బ్రైట్, మీడియం, లోగ్రేడ్. ఎవరూ పాడకపోతే నోబిడ్. నోబిడ్ పడ్డ రైతు ముఖం చూడలేక పక్కకు వచ్చేశాను.

ఈయన ఆకు ఏ దేశంలో ఏ సిగరెట్‌లో కలుస్తుందో ఈయనకు తెలియదు, కొనేవాడికి ఈయన తెలియడు. ఫ్రాన్స్‌లో కూడా చిన్న రైతు చాలాకాలం ఇలాగే బతికాడు. వైన్ చేసి పీపాల్లో టోకు వర్తకుడికి అమ్మేవాడు, ఆయన పది ఊళ్లది కలిపి తన పేరుతో సీసాల్లో నింపేవాడు. రైతు తనే సీసా కట్టి ఊరి పేరుతో అమ్మడం మొదలుపెట్టాకే నాలాంటివాళ్లకు పని దొరికింది. దాంట్లో బాదరబందీ లేకపోలేదు. సీసాలు, కార్కులు, లేబుళ్లు ముందే కొనాలి, సరుకు అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. టంగుటూరులో కనీసం అమ్మినదానికి డబ్బు ఖాతాలో పడుతుంది. ఇదే మాట ఆ పొగాకు రైతు కూడా అన్నాడు. "పేరు లేకపోతే పాయె, వేలం ఉండాది. నీ ద్రాక్షోళ్లకు వేలం కూడా లేదు గదమ్మా."

ఊరి పేరు మీద గుర్తొచ్చింది. బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో అధిక భాగం మన ఒంగోలు జాతి సంతతే, కానీ అక్కడ వాటిని నెలోరె అంటారు. గిత్తలేమో ప్రకాశం జిల్లావి, పేరేమో పక్క జిల్లాది. ఒంగోలువాళ్లకు ఈ ముక్క చెబితే ఇప్పటికీ మండుతుంది.

ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ కొన్నాం. రాత్రికి ఒక మెస్సులో గోంగూర, నాటుకోడి. గోంగూర పులుపుకు, కోడి కారానికి లాంబ్రుస్కో పెట్టాలని రాసుకున్నాను. మోదెనా దగ్గర సొర్బారా ఊరి లాంబ్రుస్కో గులాబీ రంగులో, నురగతో, బాగా పుల్లగా ఉంటుంది, వగరు తక్కువ. ఈ పేరు అమెరికాలో ఒకప్పుడు అందరి నోళ్లలో నానింది. డెబ్బైలు, ఎనభైల్లో చవక తీపి లాంబ్రుస్కోను కూల్‌డ్రింకుల్లా అమ్మారు. ఆ దెబ్బకు మంచిది చేసే రైతు కూడా చులకనైపోయాడు. పేరు తెలియని వైన్ అమ్మడం కంటే పేరు చెడిన వైన్ అమ్మడం కష్టం.

శుక్రవారం, కొత్తపట్నం

పొద్దున ఆరింటికి కొత్తపట్నం దారిలో తాటితోపు దగ్గర ఆగాం. గీత కార్మికుడు మోకు తగిలించుకుని చెట్టెక్కి కుండ దించాడు. తాటాకు దొప్పలో పోస్తే తియ్యగా, కాస్త బుడగలతో, అడుగున పిండి వాసన. కల్లు చెట్టు మీద ఉండగానే గాలిలోని ఈస్టుతో పులియడం మొదలవుతుంది. కుండకు సున్నం పూస్తే పులవదు, అది నీరా. మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి వెనిగర్ దారి. ఏ కంటైనరూ దీన్ని మోయలేదు. నాలాంటి వర్తకురాలికి దీంతో పనిలేదు, అందుకే నిశ్చింతగా తాగాను. తమ్ముడు ఒక్క గుక్క తాగి, కారు తోలాలని దొప్ప నాకిచ్చేశాడు.

సముద్రం ఒడ్డున పడవలు వచ్చే వేళకు చేరాం. వంజరం ముక్కలు కొని అక్కడే ఒక ఇంట్లో వేయించి పెట్టమన్నాం. తింటూ కాగితం ముందేసుకున్నాను.

విడవలూరు రొయ్యల వేపుడుకు సవ్వా కొండల ఝకేర్ ద్రాక్ష వైన్. పదకొండు శాతం లోపే, కొండవాగు నీళ్లంత పలచన. బొమ్మిడాయల పులుసుకు చిటికెడు తీపి ఉన్న విన్యో వెర్దె. నాటుకోడికి లాంబ్రుస్కో. చింతచిగురు మాంసానికి ర్కత్సితెలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన గ్రీసులోని సాంతొరిని దీవి అసిర్తికో ద్రాక్ష వైన్ జాబితాలో లేదు. ఉప్పగాలికి తట్టుకోవడానికి తీగను బుట్టలా నేల మీదే చుట్టి పెంచే తోటల నుంచి వస్తుంది, పులుపు అద్భుతం. కానీ పదమూడు, పద్నాలుగు శాతం ఆల్కహాల్. పెద్దమ్మ కారం ముందు అది మంట పుట్టిస్తుంది, ధర చూస్తే మళ్లీ మంట. దాన్ని వేయించిన వంజరంతో ఎప్పుడైనా విడిగా పెడతాను.

రాత్రి బస్సుకు థర్మోకోల్ పెట్టె కట్టాం. అడుగున ఐసు, దానిమీద రొయ్యలు, స్టీలు క్యారియర్లో పెద్దమ్మ మళ్లీ చేసి పంపిన పులుసు, పొడిగుడ్డలో అత్త పంపిన చింతచిగురు. ఆదివారం బెంగళూరులో వంటవాళ్ల ముందు సీసాలు తెరిచి, రాసుకున్నది నోటికి ఎంతవరకు నిజమో చూడాలి. ఏది నిలబడకపోతే అది కొట్టేస్తాం. పెట్టె చూసి బస్సు క్లీనర్ ముందు ససేమిరా అన్నాడు. మూత చుట్టూ ఇంకో రెండు చుట్లు టేపు వేయించి, వంద రూపాయలు తీసుకుని డిక్కీలో పెట్టించాడు.

తమ్ముడు కిటికీ దగ్గరకొచ్చాడు. "అక్కా, కార్డు మీద వైన్ ఊరి పేరు వేస్తావు గదా. పక్కన మా రొయ్యలది కూడా వెయ్యి."

"వేస్తా. విడవలూరు, 40 కౌంట్."

"38 వెయ్యి. ఆదివారానికి ఇంకా పెరుగుతాయి."

"ఐసులో ఉన్నవి ఎట్టా పెరుగుతాయిరా?" అంటుండగానే బస్సు కదిలింది.